పెరటి మాత్‌ల చిట్టా

పెరట్లో రాత్రిపూట దీపం పెట్టి, దాని దగ్గర వాలిన మాత్‌లను గుర్తుపట్టి, ఏ తేదీన ఏ జాతి ఎన్ని వచ్చాయో ఏళ్ల తరబడి రాసిపెట్టేవాళ్లు ప్రపంచమంతటా ఉన్నారు. దీనికి ప్రయోగశాల అక్కర్లేదు, డిగ్రీ అక్కర్లేదు. ఒక దీపం, ఒక తెల్ల దుప్పటి, కెమెరా ఉన్న ఫోను, ఒక నోటుపుస్తకం చాలు. కావలసిందల్లా ఓపిక. ఒక రాత్రి లెక్కకు పెద్ద విలువ లేదు. పదేళ్ల లెక్క మాత్రం ఆ ఊరి వాతావరణానికీ, చెట్టూచేమకూ, పక్షులకూ ఏం జరుగుతోందో చెప్పగల ఆధారం అవుతుంది.

మాత్‌లు సీతాకోకచిలుకల వర్గానికే చెందిన రెక్కల పురుగులు. ఆ వర్గం పేరు లెపిడాప్టెరా. రెక్కల నిండా సన్నని పొలుసులు ఉండడం దీని లక్షణం. ముట్టుకుంటే వేళ్లకు అంటే పొడి ఆ పొలుసులే. సీతాకోకచిలుకల మీసాల చివర చిన్న గుబ్బ ఉంటుంది. మాత్‌ల మీసాలు దారంలాగానో, ఈకలాగానో ఉంటాయి. చాలా మాత్‌లు రాత్రి తిరుగుతాయి, పగలు బెరడు మీదా ఆకుల కిందా కదలకుండా కూర్చుంటాయి. మన పొలాల్లో రైతులు 'తల్లి పురుగు' అని పిలిచేవాటిలో చాలా భాగం ఇవే. ప్రపంచంలో సీతాకోకచిలుకల జాతులు సుమారు 18,000 ఉంటే, పేరు పెట్టిన మాత్ జాతులు లక్షన్నర దాకా ఉన్నాయి. ఒక్క అమెరికాలోనే 11,000కు పైగా ఉన్నాయని అంచనా.

దీపం పుట్టిన ఊరు

న్యూజెర్సీ రాష్ట్రం మిడిల్‌సెక్స్ కౌంటీలోని ఎడిసన్ ఈ పనికి తగిన చోటు. థామస్ ఆల్వా ఎడిసన్ 1876లో ప్రయోగశాల పెట్టుకున్న మెన్లో పార్క్ ఈ టౌన్‌షిప్‌లోనే ఉంది. ఎక్కువ సేపు వెలిగే విద్యుద్దీపం 1879లో అక్కడే తయారైంది. అంతకుముందు రారిటన్ టౌన్‌షిప్‌గా ఉన్న ఊరు 1954లో ఆయన పేరు పెట్టుకుంది. ఇప్పుడు ఓక్ ట్రీ రోడ్డు దుకాణాల చుట్టుపక్కల వీధుల్లో తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో ఉన్నాయి. చాలా ఇళ్లకు వెనుక పెరడు ఉంది. వీధుల వెంట మేపుల్, ఓక్ చెట్లు ఉన్నాయి. ఎడిసన్, మెటచెన్, సౌత్ ప్లెయిన్‌ఫీల్డ్ ఊళ్ల మధ్య డిస్మల్ స్వాంప్ అనే చిత్తడి అడవి మిగిలి ఉంది. ఇళ్లూ, అడవీ, చిత్తడినేలా దగ్గరదగ్గరగా ఉన్న చోట మాత్‌ల రకాలు సహజంగానే ఎక్కువ.

ఇదే కౌంటీలోని ఈస్ట్ బ్రన్స్‌విక్ నుంచి 'నేషనల్ మాత్ వీక్' మొదలైంది. అక్కడి పర్యావరణ కమిషన్‌కు అండగా పనిచేసే పౌరసంఘం ముందు స్థానికంగా మాత్ రాత్రులు నిర్వహించేది. డేవిడ్ మాస్కోవిట్జ్, లిటి హరామటి చొరవతో 2012 జూలైలో అది దేశవ్యాప్త కార్యక్రమంగా మారింది. పేరులో 'నేషనల్' ఉన్నా భారత్ సహా అనేక దేశాలవాళ్లు ఏటా జూలై ఆఖరి వారంలో తమ ఊళ్లలో దీపాలు పెట్టి లెక్కలు పంపుతారు.

పాత లెక్కల విలువ

న్యూజెర్సీకి పురుగుల చిట్టా కొత్త కాదు. రట్గర్స్ కళాశాలలో ఆచార్యుడిగా, రాష్ట్ర కీటక శాస్త్రవేత్తగా పనిచేసిన జాన్ బి. స్మిత్ 1890లో రాష్ట్రంలోని కీటకాల జాబితా ప్రచురించారు. తర్వాత దాన్ని రెండుసార్లు పెంచి రాశారు. చివరి కూర్పు 1910లో వచ్చింది. ఏ జాతి ఏ ఊళ్లో, ఏ నెలలో దొరికిందో అందులో ఉంది. రాత్రి తిరిగే నాక్ట్యుయిడ్ కుటుంబపు మాత్‌లు ఆయన ప్రత్యేక అధ్యయనం. నేడు మిడిల్‌సెక్స్ కౌంటీలో ఒక జాతి కనిపిస్తే, వందేళ్ల కిందట అది ఇక్కడ ఉండేదా లేదా అని సరిచూసుకోవడానికి ఆ పుస్తకం పనికొస్తుంది.

ఇళ్ల పెరళ్ల లెక్కలో బ్రిటన్ అందరికంటే ముందుంది. రోతమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో 1930లలో దీపపు ఎరతో మాత్‌లను లెక్కపెట్టడం మొదలైంది. 1960ల నుంచి అది దేశమంతా విస్తరించింది. ఆ లెక్కల ఆధారంగానే 1968 నుంచి 2017 మధ్య బ్రిటన్‌లో పెద్ద మాత్‌ల సంఖ్య 33 శాతం తగ్గిందని తేలింది. ఒక్క మనిషి, ఒక్క పెరడు ఎంత చేయగలరో జెన్నిఫర్ ఓవెన్ చూపించారు. ఆమె లెస్టర్ నగరంలోని తన ఇంటి తోటను 1972 నుంచి 30 ఏళ్లు గమనించి 2,673 జాతుల మొక్కలు, జంతువులు నమోదు చేశారు. అందులో 1,997 కీటకాలే. అది అడవి అంచున ఉన్న తోట కాదు. నగర శివారులో మామూలు ఇంటి తోట.

దీపానికి ఎందుకు వస్తాయి

మాత్‌లు దీపాన్ని చంద్రుడనుకుని దారి తప్పుతాయని చాలాకాలం అనుకున్నారు. 2024లో 'నేచర్ కమ్యూనికేషన్స్' పత్రికలో వచ్చిన పరిశోధన మరో కారణం చూపింది. శామ్యూల్ ఫేబియన్, యశ్ సోంధి బృందం వేగంగా చిత్రించే కెమెరాలతో పురుగుల ఎగురుడును పరిశీలించింది. ఎగిరే పురుగులు ఎటు వెలుతురు ఎక్కువగా ఉంటే అటు వీపు తిప్పుతాయి. ఆరుబయట రాత్రి వెలుతురు ఆకాశం నుంచే వస్తుంది కాబట్టి పైకేదో కిందికేదో ఆ అలవాటుతో తెలిసిపోతుంది. పక్కన దీపం ఉంటే వీపు దానివైపు తిరుగుతుంది, పురుగు గింగిరాలు కొడుతూ అక్కడే చిక్కుబడుతుంది. దూరం నుంచి దీపం వాటిని లాక్కురావడం కంటే, దగ్గరగా వెళ్లేవాటిని పట్టి ఉంచడమే ఎక్కువగా జరుగుతుందన్నమాట.

అతినీలలోహిత కిరణాలు ఎక్కువగా ఉన్న వెలుగుకు మాత్‌లు బాగా వస్తాయి. అందుకే ఈ పనికి బ్లాక్‌లైట్ ట్యూబులు, మెర్క్యురీ వేపర్ బల్బులు, కొత్తగా వచ్చిన అతినీలలోహిత ఎల్ఈడీలు వాడతారు. రెండు కర్రల మధ్య తాడు కట్టి, తెల్ల దుప్పటి వేలాడదీసి, దాని ముందు దీపం పెట్టడం సులువైన పద్ధతి. రెండో పద్ధతి బకెట్ ఎర. బకెట్ పైన గరాటు, గరాటు మీద దీపం, లోపల కోడిగుడ్ల అట్టలు పెడతారు. గరాటులోంచి జారిన మాత్‌లు అట్టల గుంటల్లో దాక్కుంటాయి. పొద్దున లెక్కపెట్టి, ఫొటో తీసి, నీడలో పొదల కింద వదిలేస్తారు. చంపాల్సిన పని లేదు.

దీపానికి రానివాటికి తీపి ఎర ఉంది. బాగా మగ్గిన అరటిపండు, బ్రౌన్ షుగర్ లేదా బెల్లం, కొంచెం బీరు కలిపి పులియబెట్టి, చీకటి పడేముందు చెట్టు మొదళ్లకు పూస్తారు. క్యాటొకాలా జాతులు, అంటే బెరడు రంగు పై రెక్కల కింద ఎరుపో నారింజో నలుపో దాచుకునే పెద్ద మాత్‌లు, ఈ పాకానికి బాగా వస్తాయి.

కొన్ని జాగ్రత్తలు తప్పవు. అతినీలలోహిత దీపం వైపు నేరుగా చూడకూడదు. దీపం పొరుగువారి పడకగది కిటికీవైపు ఉండకూడదు. కాండోల్లోనైతే ముందుగా చెప్పడం మర్యాద. న్యూజెర్సీ గడ్డిలో టిక్‌లు ఉంటాయి కాబట్టి నిండు బట్టలు, మేజోళ్లు వేసుకోవాలి. ఐయో మాత్, శాడిల్‌బ్యాక్ గొంగళి పురుగుల ముళ్లు తగిలితే మంట పుడుతుంది. పిల్లలు వీటిని చేత్తో పట్టకుండా చూడాలి. పక్షులు దుప్పటి చోటు మరిగితే తెల్లవారే వేళకు వచ్చి మాత్‌లను ఏరుకుతింటాయి. అందుకని దీపం ఆర్పి, మిగిలినవాటిని చీకటి ఉండగానే పొదల్లోకి దులపాలి.

చిట్టాలో ఏం రాయాలి

తేదీ, దీపం వెలిగించిన సమయం, ఆర్పిన సమయం, ఏ దీపం, ఎన్ని వాట్లు, ఉష్ణోగ్రత, గాలి, మబ్బు, వెన్నెల ముందు రాయాలి. తర్వాత జాతి పేరు, ఎన్ని కనిపించాయో రాయాలి. ఒక రాత్రి ఏమీ రాకపోతే ఆ సంగతీ రాయాలి. ఆ సున్నా లేకపోతే, ఆ రాత్రి మాత్‌లు రాలేదో, దీపమే పెట్టలేదో పదేళ్ల తర్వాత ఎవరికీ తెలియదు.

అన్నిటికంటే ముఖ్యం పద్ధతి మార్చకపోవడం. మొదటి ఏడాది నలభై వాట్ల ట్యూబు, రెండో ఏడాది పెద్ద మెర్క్యురీ బల్బు పెడితే రెండో ఏట మాత్‌లు పెరిగినట్టు కనిపిస్తుంది. పెరిగింది వెలుగే. ఉక్కపోసే, గాలి లేని, మబ్బు రాత్రుల్లో మాత్‌లు ఎక్కువగా వస్తాయి. పున్నమి వెన్నెల్లో తక్కువ. అందుకని మంచి రాత్రులే ఏరుకోకుండా, వారానికి ఒక రోజు పెట్టుకుని, ఒకే దీపంతో, ఒకే చోట, అన్నే గంటలు చూడడం మేలు. బ్రిటన్‌లో 'గార్డెన్ మాత్ స్కీమ్' సభ్యులు చేసేది ఇదే.

పేరు తెలుసుకోవడం

గుర్తించడానికి ఫొటో పైనుంచి, మొత్తం రెక్కలు కనిపించేలా తీయాలి. పక్కన స్కేలు ఉంటే పరిమాణం తెలుస్తుంది. మాత్ కూర్చున్న తీరే సగం పేరు చెబుతుంది. జియోమీటర్ మాత్‌లు రెక్కలు విప్పి బల్లపరుపుగా కూర్చుంటాయి. హాక్ మాత్‌లు జెట్ విమానంలా రెక్కలు వెనక్కి వాల్చుకుంటాయి. నాక్ట్యుయిడ్‌లు ఇంటికప్పులా మడుచుకుంటాయి. ప్లూమ్ మాత్‌ల రెక్కలు సన్నగా ముడుచుకుని ఇంగ్లిష్ 'టి' అక్షరంలా కనిపిస్తాయి.

ఈశాన్య అమెరికాకు డేవిడ్ బీడిల్, సీబ్రూక్ లెకీ రాసిన 'పీటర్సన్ ఫీల్డ్ గైడ్' 2012లో వచ్చింది. మాత్‌లు వాలిన తీరులోనే ఫొటోలు ఉండడం దాని సౌకర్యం. రోనాల్డ్ హాడ్జెస్ సంపాదకత్వంలో 1983లో వచ్చిన ఉత్తర అమెరికా జాబితా ప్రతి జాతికీ ఒక అంకె ఇచ్చింది. ఇంగ్లిష్ పేర్లు పుస్తకానికో తీరుగా ఉన్నా ఆ అంకె చూస్తే తికమక ఉండదు. 'ఐనాచురలిస్ట్' వెబ్‌సైటులో ఫొటో పెడితే కంప్యూటర్ పేరు సూచిస్తుంది, తెలిసినవాళ్లు సరిచూస్తారు. కంప్యూటర్ సూచనను తుదిమాటగా తీసుకోకూడదు. కొన్ని చిన్న జాతులను సూక్ష్మదర్శినిలో చూస్తే తప్ప వేరుచేయలేరు. అలాంటివాటిని కుటుంబం పేరుతోనో, ప్రజాతి పేరుతోనో ఆపడం నిజాయితీ.

ఎడిసన్ పెరట్లో ఏడాది

మాత్‌ల ఏడాది మంచు కరుగుతున్నప్పుడే మొదలవుతుంది. యుప్సీలియా జాతులు చలికాలంలోనూ పెద్ద పురుగులుగానే బతుకుతాయి. కాస్త వెచ్చబడిన రాత్రి కండరాలు వణికించి ఒంటిని వేడి చేసుకుని ఎగురుతాయి, మేపుల్ చెట్ల నుంచి కారే తీపి రసం తాగుతాయి. ఏప్రిల్‌లో సన్నని బూడిదరంగు మాత్‌లు, మే ఆఖరుకు పెద్దవి వస్తాయి. ఉత్తర అమెరికాలో అన్నిటికంటే పెద్దదైన సెక్రోపియా రెక్కలు చాస్తే ఆరు అంగుళాల దాకా ఉంటుంది. లేతాకుపచ్చ రంగులో పొడవాటి తోకలతో లూనా కనిపిస్తుంది. ఈ రెంటికీ పనిచేసే నోరు ఉండదు. గొంగళి పురుగుగా తిన్నదానితోనే వారం రోజులు బతికి, జతకట్టి, గుడ్లు పెట్టి చనిపోతాయి. లూనాకు దగ్గరి చుట్టమైన ఆక్టియాస్ సెలీనె మన తూర్పు కనుమల్లో ఉంది. ఎడిసన్‌లో ఓక్ చెట్ల మీద పెరిగే పాలిఫీమస్, తెలంగాణలో మహదేవపూర్, చెన్నూరు అడవుల్లో దసలి పట్టు ఇచ్చే పురుగు ఒకే ప్రజాతివి. ఆ ప్రజాతి పేరు ఆంథరియా.

జూన్, జూలైలలో చిట్టా నిండిపోతుంది. గులాబీ, పసుపు రంగుల రోజీ మేపుల్ మాత్, పులిచారల టైగర్ మాత్‌లు, వందల రకాల చిన్న మాత్‌లు ఈ రోజుల్లో వస్తాయి. పగటిపూట పూల ముందు గాల్లో నిలబడి తేనె తాగే హమింగ్‌బర్డ్ క్లియర్‌వింగ్‌ను చాలామంది బుల్లిపిట్ట అనుకుంటారు. ఆగస్టు, సెప్టెంబరుల్లో క్యాటొకాలాల కాలం. అక్టోబరులో నలుపూ ఎరుపూ కలిసిన ఊలు పురుగులు రోడ్లు దాటుతూ కనిపిస్తాయి. ఇవి ఇసబెల్లా టైగర్ మాత్ పిల్లలు. గొంగళి పురుగులుగానే గడ్డకట్టే చలిని తట్టుకుంటాయి. నవంబరు, డిసెంబరుల్లో ఫాల్ క్యాంకర్‌వర్మ్ మగవి దీపానికి వస్తాయి. వాటి ఆడవాటికి రెక్కలు ఉండవు, చెట్టు మొదలు పట్టుకుని పాకుతాయి.

కూరగాయల మడిలో

తెలుగువారి పెరట్లో టమాటా, వంకాయ, బెండ, గోంగూర, సొర, బీర ఉంటాయి. వీటిలో మాత్‌ల పిల్లలూ ఉంటాయి. టమాటా ఆకులను ఒక్క రాత్రిలో మోడు చేసే లావుపాటి పచ్చని పురుగు హార్న్‌వర్మ్. అది వంకాయ, మిరప మొక్కలనూ తింటుంది. మట్టిలోకి దిగి ప్యూపాగా మారి, పెద్ద బూడిదరంగు హాక్ మాత్‌గా బయటికి వస్తుంది. పచ్చని పురుగు వీపు మీద బియ్యపు గింజల్లాంటి తెల్ల గూళ్లు కనిపిస్తే తీసి పారేయకూడదు. అవి పరాన్నజీవి కందిరీగలవి. అవి బయటికి వస్తే మిగిలిన హార్న్‌వర్మ్‌లనూ అదుపులో పెడతాయి. గుమ్మడి, జుకినీ తీగలను మొదలు దగ్గర తొలిచే స్క్వాష్ వైన్ బోరర్ కూడా మాత్ పిల్లే. దాని తల్లి నారింజరంగు పొట్టతో పగలే ఎగురుతుంది, చూడడానికి కందిరీగలా ఉంటుంది.

మాత్‌లు చేసే మేలూ ఇదే మడిలో ఉంది. సొరపూలు, బీరపూలు సాయంత్రం విచ్చుకుంటాయి. రాత్రి పూల మీద తిరిగే మాత్‌లు పుప్పొడి మోస్తాయి. గొంగళి పురుగులు లేకపోతే పిట్టపిల్లలకు తిండి లేదు. డెలావేర్ విశ్వవిద్యాలయానికి చెందిన డగ్లస్ టాలమీ చెప్పిన లెక్క ప్రకారం ఒక చికడీ పిట్టల జంట ఒక్క ఈతలో పిల్లలను పెంచడానికి 6,000 నుంచి 9,000 గొంగళి పురుగులు కావాలి.

రైతుకు ఈ లెక్క నేరుగా పనికొస్తుంది. రట్గర్స్ విస్తరణ విభాగం న్యూజెర్సీ పొలాల్లో దీపపు ఎరలు, లింగాకర్షక బుట్టలు పెట్టి, మొక్కజొన్నను తొలిచే పురుగుల తల్లులు ఏ వారంలో ఎక్కువయ్యాయో రైతులకు చెబుతుంది. వాటిలో ఒకటైన కార్న్ ఇయర్‌వర్మ్ మన శనగపచ్చ పురుగు ప్రజాతిదే. అమెరికా ఖండానిదైన కత్తెర పురుగు చలికి తట్టుకోలేదు. ఫ్లోరిడా, టెక్సస్ దక్షిణ ప్రాంతాల్లో చలికాలం గడిపి ఏటా ఉత్తరానికి ఎగిరి వస్తుంది. 2018లో కర్ణాటకలో కనిపించిన ఆ పురుగే కొద్దికాలంలో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ మొక్కజొన్న చేలకు పాకింది.

ఏళ్లు చెప్పేది

చిట్టా ఐదారేళ్లు దాటాక మూడు సంగతులు బయటపడతాయి. ఒకటి తేదీలు. ఒక జాతి ఏటా మొదట కనిపించే రోజు ముందుకు జరుగుతోందా అన్నది వేసవి ఎప్పుడు వస్తోందో చెబుతుంది. రెండు, కొత్త రాకలు. లార్జ్ ఎల్లో అండర్‌వింగ్ యూరప్ మాత్. 1979లో కెనడాలోని నోవా స్కోషియాలో కనిపించి, తర్వాత ఖండమంతా పాకింది. స్పాంజీ మాత్‌ను 1869 ప్రాంతంలో లియోపోల్డ్ ట్రూవెలో మసాచుసెట్స్‌కు తెచ్చారు. తప్పించుకున్న పురుగులు ఈశాన్య రాష్ట్రాల ఓక్ అడవులకు తెగులయ్యాయి. దాన్ని అణచడానికి 1906లో యూరప్ నుంచి తెచ్చిన ఒక పరాన్నజీవి ఈగ సెక్రోపియా వంటి పెద్ద పట్టుమాత్‌లనూ దెబ్బతీసిందని తర్వాతి పరిశోధనల్లో తేలింది. మూడు, తగ్గుదల. ఒక జాతి కనబడడం మానేస్తే అప్పటికప్పుడు ఎవరికీ తెలియదు. పాత చిట్టా ఉంటేనే ఆ లోటు కనిపిస్తుంది.

ఒక్క పెరటి లెక్కతో రాష్ట్రం సంగతి తేల్చకూడదు. పొరుగింట్లో ఓక్ చెట్టు కొట్టేసినా, వీధిలో కొత్త దీపం పెట్టినా అంకెలు మారతాయి. అందుకే ఆ మార్పులనూ చిట్టాలో రాసుకోవాలి. అనేక పెరళ్ల లెక్కలు కలిసినప్పుడు ఒకచోటి లోపాన్ని మరోచోటి లెక్క సరిచేస్తుంది.

పెరడు ఎలా ఉండాలి

లెక్కపెట్టని రాత్రుల్లో దీపం ఆర్పేయాలి. 2021లో 'సైన్స్ అడ్వాన్సెస్'లో వచ్చిన బ్రిటిష్ అధ్యయనం ప్రకారం, వీధిదీపాలున్న చోట పొదకంచెల్లో గొంగళి పురుగులు చీకటి చోట్ల కంటే 47 శాతం, గడ్డి అంచుల్లో 33 శాతం తక్కువ. వరండా దీపానికి మనిషి కదిలితేనే వెలిగే సెన్సర్ పెట్టినా, తెల్ల ఎల్ఈడీ బదులు పసుపు వెలుగు వాడినా నష్టం తగ్గుతుంది. స్థానిక చెట్లలో ఓక్ ఒక్కదాని మీదే అట్లాంటిక్ తీర మధ్య రాష్ట్రాల్లో 500కు పైగా జాతుల గొంగళి పురుగులు బతుకుతాయి. శరదృతువులో రాలిన ఆకులన్నీ సంచుల్లో కట్టి పంపేస్తే, వాటి మధ్య ఉన్న గూళ్లూ వెళ్లిపోతాయి. ఒక మూల చెట్టు కింద కొన్ని ఆకులు వదిలేయాలి. మాత్‌ల కాలంలో పచ్చిక మీద పురుగుమందు చల్లకపోవడం మంచిది.

మొదలుపెట్టేవాళ్లు జూలై ఆఖరి వారం ఎంచుకోవచ్చు. అప్పుడు మాత్‌ల రకాలు అధికం, పిల్లలకు బడి సెలవులు, నేషనల్ మాత్ వీక్‌కు లెక్క పంపే వీలూ ఉంటుంది. తెలుగు రాష్ట్రాల్లో ఉన్నవాళ్లు తమ ఫొటోలను 'మాత్స్ ఆఫ్ ఇండియా' వెబ్‌సైటులోని జాతులతో పోల్చి చూసుకోవచ్చు. మొదటి ఏడాది పది జాతుల పేర్లు తెలిసినా చాలు. మరుసటి ఏడాది అదే వారం, అదే చోట, అదే దీపంతో మళ్లీ చూడాలి. చిట్టాకు విలువ వచ్చేది అక్కడినుంచే.